అడగకుండా చేసే మేలు

స్వాతి నక్షత్రం రోజు. ఎగువ అహోబిలంలో దర్శనం ముగించుకుని దిగువకు వచ్చిన ఇద్దరు ప్రహ్లాదవరదుని గుడి బయట అరుగు మీద కూర్చున్నారు. మేనమామ ఆళ్లగడ్డ మండలంలో బడిపంతులుగా పనిచేసి రిటైరైన మనిషి. ఊళ్లో నలుగురు కూడే చోట ఆయన మాటకు విలువ ఉంది. మేనకోడలు చెన్నై దగ్గర ఒక కాలేజీలో ఆక్యుపేషనల్ థెరపీ (ఓటీ) మూడో సంవత్సరం చదువుతోంది. వచ్చే నెల విద్యార్థి కౌన్సిల్ ఎన్నికలు. కార్యదర్శి పదవికి నామినేషన్ వేస్తానని ఆమె చెప్పింది. ఆయనకు అది నచ్చలేదు. వాళ్ల మధ్య సాగిన వాదం ఇది.

మేనమామ: నిన్ను అంత దూరం పంపింది, పడిపోయిన చేతికి పని నేర్పే విద్య చదువుతావని. ఓట్లడిగేదానికి కాదు. ఆ కౌన్సిల్లో నువ్వు లేకుంటే ఏ రోగికి ఏం తక్కువ?

మేనకోడలు: ఎందుకొద్దంటాండావో ముందు చెప్పు మామా. చదువు పాడైతాదనా, ఆడపిల్లననా, ఎన్నికలంటేనే పడదనా?

మేనమామ: ఆడపిల్ల అనే మాట నా నోట రాదు. ఎన్నికలంటేనే పడదు. 1980లలో డిగ్రీ చదివేటప్పుడు కాలేజీ ఎన్నికలు చూసినోన్ని. ప్యానెల్ అంటే కులం. ప్రచారమంటే జీపులు. ఊరి కక్షలన్నీ హాస్టల్ గదుల్లోకి వచ్చినాయి. ఫలితాలు చెప్పిన రాత్రి మా పక్క గది పిల్లోనికి మణికట్టు మీద కత్తి దిగింది. వాడు ఏ ప్యానెల్ మనిషీ కాదు, గొడవ ఆపబోయినాడు. కుట్లు వేసినారు, గాయం మానింది, వేళ్లు మాత్రం మూసుకోలేదు. పరీక్ష రాయలేక చదువు మానుకున్నాడు. ఇప్పటికీ చొక్కా గుండీ ఇంకొకరు పెట్టాల. 1980ల చివర్లో కాలేజీ ఎన్నికలు ఆపేసినప్పుడు పీడ విరగడైందనుకున్నాం.

మేనకోడలు: ఆయన చెయ్యి సంగతి ఇంతకుముందు నాకెవరూ చెప్పలేదు. తెగినవి వేళ్లను మడిచే టెండన్లు అయ్యుంటాయి. కుట్టినాక మొదటి వారాల్లోనే స్ప్లింట్ వేసి, కొలత ప్రకారం వేళ్లు కదిలించాల. లేకుంటే కుట్టిన టెండన్ చుట్టూ ఉన్న కండకు అతుక్కుపోతాది. అది మా పని. ఆ పని చేసే మనిషి ఆనాడు ఆయనకు దొరకలేదు. ఆయనకు జరిగిన అన్యాయాలు రెండు: కత్తి దిగడం ఒకటి, ఆ తర్వాత ఆ చేతిని చూసుకునే మనిషి లేకపోవడం ఒకటి. రెండోదాన్ని ఎవరూ పట్టించుకోలేదు. మొదటిదానికి మందని ఓటునే తీసేసినారు. దేశం 18 ఏండ్లోళ్లకు ఓటిచ్చింది కూడా ఆ రోజుల్లోనే. 61వ రాజ్యాంగ సవరణ 1989 మార్చిలో అమల్లోకి వచ్చింది. ఎమ్మెల్యేను ఎన్నుకునే వయసొచ్చిన పిల్లోనికి తన కాలేజీలో ప్రతినిధిని ఎన్నుకునే దారి మూసినారు. కత్తి పట్టినోన్ని వదిలి ఓటేసినోన్ని శిక్షించినట్లే గదా!

మేనమామ: కత్తి వచ్చింది ఓటు వెంబడే. మళ్లీ రాదని పూచీ ఎవరిస్తారు?

మేనకోడలు: పూచీ కోసమే నిబంధనలు పెట్టినారు. కేరళ యూనివర్సిటీ కేసులో సుప్రీంకోర్టు ఆదేశిస్తే, మాజీ ప్రధాన ఎన్నికల కమిషనర్ జె.ఎం. లింగ్డో అధ్యక్షతన కేంద్రం కమిటీ వేసింది. 2006 మేలో నివేదిక వచ్చింది, సెప్టెంబరులో దాన్ని అమలు చెయ్యమని కోర్టు చెప్పింది. అభ్యర్థి ఖర్చు 5,000 రూపాయలు దాటకూడదు. అచ్చేసిన పోస్టర్లు వద్దు. చేత్తో రాసినవే, అవీ కాలేజీ చూపించిన చోటే. బండ్లు, మైకులు వాడకూడదు. మొత్తం ప్రక్రియ 10 రోజుల్లో ముగియాల. ఫలితం వచ్చిన రెండు వారాల్లో ఖర్చు లెక్క అప్పజెప్పాల. 75 శాతం హాజరుండాల, ఆ ఏడు తప్పిన సబ్జెక్టు ఉండకూడదు, క్రిమినల్ కేసు ఉండకూడదు. పదవికి పోటీ చేసే అవకాశం ఒక్కసారే. పార్టీలు దూరంగా ఉండాల. నీ కాలంలో వీటిలో ఒక్కటైనా ఉందా? హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో విద్యార్థులు నేరుగా ఓటేసి సంఘాన్ని ఎన్నుకుంటారు.

మేనమామ: ఆ నివేదిక గురించి నేనూ చదివినా. వాతావరణం బాగలేని చోట నామినేట్ చేసుకోవచ్చని అదే చెప్పింది. మీది చిన్న కోర్సు. అందరూ ఒకే మెస్సులో తిని, అవే వార్డుల్లో పోస్టింగ్ చేస్తారు. ఇప్పుడు నీకు ఎదురు నిలబడే పిల్లే నీ పోస్టింగ్ అయినాక నీ రోగిని చూసేది. ఇద్దరికీ మాటలు లేకుంటే ఆ రోగి గతి ఏంది? నలుగురూ కూర్చుని ఒక పేరు అనుకుంటే పోలా? సర్పంచిని ఏకగ్రీవం చేసుకున్న పల్లెకు ప్రభుత్వమే ప్రోత్సాహక నిధులిస్తుంది. కక్షలు చూసిన మన సీమకు ఏకగ్రీవం విలువ ఎవరూ చెప్పక్కర్లేదు.

మేనకోడలు: ఆ పేరు అనుకునేటప్పుడు ఎవరెవరిని అడుగుతారు మామా? పోయినేడు మా క్లాసులో అట్లనే అనుకున్నారు. తమిళం బాగా వచ్చినోళ్లు, లెక్చరర్ల దగ్గర చనువున్నోళ్లు ముందే మాట్లాడుకుని పేరు చెప్పినారు. ఎవరూ కాదనలేదు. కాదననోళ్లలో తెలుగు మీడియంలో చదివొచ్చిన మేమున్నాం, ఒడిశా పిల్లలున్నారు, ఫస్టియర్లో ఒక సబ్జెక్టు పోయి తలొంచుకు తిరిగేవాళ్లున్నారు. మా మౌనాన్ని ఒప్పుకోలుగా రాసుకున్నారు. ఊరి ఏకగ్రీవం దీనికన్నా ఎక్కువుంటుందా? నువ్వు చెప్పిన నివేదికే నామినేషన్ పద్ధతి ఎప్పటికీ ఉండేది కాదని, ఐదేండ్లలో ఎన్నికలకు మారాలని చెప్పింది. నామినేట్ చేసినా మార్కులొక్కటే చూడొద్దని కూడా చెప్పింది.

మేనమామ: అడగడమే అంత గొప్పా? అడిగి చేయనోళ్లను ఐదేండ్లకొకసారి చూస్తానే ఉన్నాం. అడక్కుండా మేలు చేసినోళ్లు లేరా? మీ అమ్మకు జ్వరమొస్తే నేను అడిగి తీసుకుపోయినానా ఆసుపత్రికి?

మేనకోడలు: జ్వరానికి అడగనక్కర్లేదు. మా విద్య మొదలయ్యేది జ్వరం తగ్గినాక. పోస్టింగులో మన వైపు నుంచి వచ్చిన ఒకాయన్ని చూసినా. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి బలహీనమైంది. నేను పుస్తకంలో ఉన్నట్లు చెమ్చాకు లావు పిడి తొడిగి, దాంతో తినడం నేర్పాలని ప్లాన్ రాసినా. ఆయన ఆ చెమ్చా ముట్టలేదు. మొండిమనిషని కేస్ షీట్లో రాయబోతుంటే మా మేడమ్ ఆపి, "ఏం కావాలో అడిగినావా?" అన్నారు. తమిళ వార్డులో తెలుగు మాట విని ఆయన కండ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఆయనకు కావాల్సింది సంగటి. ముద్ద తుంచి, గుంట చేసి, పప్పులో అద్దుకుని సొంత చేత్తో తినాల. సంగటి తుంచాలంటే బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు కలిసి నొక్కాల, మణికట్టు నిలబడాల, చెయ్యి నోటి దాకా లేవాల. ఆ రోజు నుంచి వ్యాయామమంతా పిండిముద్దతోనే. నేను రాసిన మొదటి ప్లాన్‌లో తప్పేమీ లేదు, కానీ అది ఆయనది కాదు. అడగకుండా చేసే మేలు ఎంత మంచిదైనా, చేయించుకునేవాడు దాన్ని పక్కకు తోసేస్తాడు.

మేనమామ: మంచి మాటే. కానీ ఆ మేడమ్‌ను రోగులు ఓటేసి ఎన్నుకోలేదు. చదివింది కాబట్టి ఆ కుర్చీలో ఉంది. ఇంకొకటి చెప్తా. థెరపిస్టు రోగికి "నీ చెయ్యి పూర్తిగా వస్తుంది" అని మాటివ్వచ్చా?

మేనకోడలు: ఇవ్వకూడదు. మాకు నేర్పే మొదటి సంగతుల్లో అదొకటి.

మేనమామ: మరి ఓటుకు పోయేవాడు బతికేదే మాటివ్వడం మీద! ఫీజు తగ్గిస్తా, స్టైపెండ్ పెంచుతా, మెస్సు మారుస్తా అనకుండా ఎవరు గెలిచినారు? మాటివ్వకూడని విద్య నేర్చుకుంటూ, మాటిస్తేనే నెగ్గే ఆటలోకి దిగుతాండావు. నా అసలు అభ్యంతరం ఇది. కత్తి సంగతి పక్కన పెట్టు. కత్తి లేకున్నా ఎన్నిక మనిషికి నేర్పే గుణం ఇది.

మేనకోడలు: దీనికి జవాబు మా విద్యలోనే ఉంది. కెనడా వాళ్లు తయారుచేసిన ఒక కొలత మాకు నేర్పుతారు, 1991లో మొదటిసారి అచ్చైంది. రోగితో కూర్చుని, రోజువారీ బతుకులో ఏ పని కష్టంగా ఉందో ఆయన నోటనే చెప్పిస్తాం. ఒక్కోటి ఎంత ముఖ్యమో 10కి మార్కులు ఆయనే వేస్తాడు. వాటిలో ముఖ్యమైనవి ఐదు దాకా తీసుకుంటాం. ఇప్పుడు ఎట్ల చేయగలుగుతున్నాడో, దానితో ఎంత తృప్తిగా ఉన్నాడో మళ్లీ ఆయనే 10కి మార్కులు వేస్తాడు. కొన్నాళ్ల చికిత్స తర్వాత అవే మళ్లీ అడుగుతాం. రెండు మార్కులు పెరిగితే లెక్కలోకి వచ్చే మార్పు. పెరగకపోతే మా ప్లాన్ మార్చుకోవాల. దీంట్లో వాగ్దానం లేదు, లెక్క ఉంది. నా ప్రచారం కూడా ఇట్లనే. ప్రతి క్లాసుకూ పోయి వాళ్ల కష్టాలు వాళ్లతోనే చెప్పిస్తా, వాళ్లతోనే మార్కులు వేయిస్తా. గెలిస్తే ఆరు నెలలకు మళ్లీ వేయిస్తా. ఆ అంకెలు అందరికీ కనపడేట్లు బోర్డు మీద పెడతా.

మేనమామ: కౌన్సిల్ చేతిలో ఏముందని మార్కులు పెరగడానికి? స్వాగత సభ, ఆటల పోటీలు, అక్టోబరు 27న ప్రపంచ ఓటీ దినమని ఒక బ్యానర్. అంతే గదా.

మేనకోడలు: ఇప్పటి దాకా అంతే. చేయగలిగింది అంతకన్నా ఎక్కువ. ప్రపంచ ఆక్యుపేషనల్ థెరపిస్టుల సమాఖ్య కనీస ప్రమాణం ప్రకారం ప్రతి విద్యార్థీ 1,000 గంటలు క్లినికల్ పని చేయాల. ఆ గంటలు యాడ పడతాయో, ఎవరి కింద పడతాయో, ఏ భాషలో పడతాయో అనేదే మా చదువులో సగం. పోస్టింగ్ జాబితా ముందు రోజు సాయంత్రం గోడ మీద పెడితే, దూరం వార్డు పడిన పిల్ల బస్సు వెతుక్కుంటూ ఆలస్యంగా పోయి తిట్లు తింటాది. వారం ముందు పెట్టించడానికి పైసా ఖర్చు లేదు, అడిగేవాళ్లు లేక అట్లే ఉండిపోయింది. స్ప్లింట్ చేసే షీటు వేడినీళ్లలో మెత్తబడే ప్లాస్టిక్, ఖరీదైంది. ఒకరు కోస్తుంటే మిగతావాళ్లం చుట్టూ నిలబడి చూస్తాం. సీనియర్లు కోసినాక మిగిలిన ముక్కలు దాచిపెడితే జూనియర్లకు వేలి స్ప్లింట్లు చేసి నేర్చుకునేదానికి సరిపోతాయి. తమిళం రాని పిల్లలకు వార్డు మాటలు నేర్పే సాయంత్రం క్లాసు పెట్టొచ్చు. "నొప్పి ఉందా, మీకు ఏం చేసుకోవాలని ఉంది" అని అడగలేని పిల్ల ఎంత చదివినా ఏం థెరపీ చేస్తాది?

మేనమామ: ఇవన్నీ నువ్వు పదవి లేకుండానే చేయొచ్చు. చెయ్, ఎవరు వద్దన్నారు?

మేనకోడలు: ముక్కలు దాచిపెట్టేది చేస్తా. జాబితా ముందుగా ఇవ్వమని నేనొక్కదాన్నే పోయి అడిగితే, అది నా సొంత ఇబ్బందిగా వింటారు. ఓటేసి పంపినోళ్లు పోయి అడిగితే క్లాసంతా అడిగినట్లు. రేపు నేను తప్పు మాట్లాడినా, "మేమిట్ల చెప్పలేదే" అని నన్ను నిలదీసే హక్కు వాళ్లకుంటుంది. నా అంతట నేను మేలు చేస్తే ఎవరు నిలదీస్తారు?

మేనమామ: సరే, ప్రతి క్లాసుకూ పోతావు, అడుగుతావు. మన స్వామిని చూడు. కనుమ నాడు పారువేటకు పల్లకీలో బయలుదేరి, నెలన్నర దాకా ఊరూరా తిరుగుతాడు. ఏ ఊరు పోయినా తెలుపు అనే అరుగు మీద కొలువుంటాడు. ఫాల్గుణంలో జరిగే బ్రహ్మోత్సవాలకు రమ్మని పిలుపు అది. ఆ ఊరోళ్లు ఏ పార్టీ, ఏ కులం అని చూడడు. ఓటుకు పోయేవాడు అట్ల పోతాడా? తన ఓట్లు ఉన్న గడపలే తొక్కుతాడు. నీకు ఓటెయ్యరని తెలిసిన క్లాసుకు పోతావా? పోయినా, వాళ్లు చెప్పింది నీ ఐదులో చేరుతుందా?

మేనకోడలు: పోతానని చెప్పడం సులభం. నువ్వడిగింది దానికన్నా కష్టమైంది. వాళ్ల మాట నా జాబితాలో చేరుతుందా అని. నిజంగా చెప్పాలంటే, గెలుపు మీద కన్నున్నప్పుడు ఎక్కువమంది చెప్పిందే పైకి వస్తాది. ఇద్దరు ముగ్గురు ఒడిశా పిల్లల కష్టం అడుగుకు పోతాది.

మేనమామ: అదే నేను చెప్పేది. మీ థెరపీలో ఓడిపోయేవాడు లేడు. ఎన్నికలో ఉంటాడు. ఓడినోళ్ల జాబితా ఏమైతాది? వాళ్లు తిరిగి అడిగిన కష్టాలు, వాళ్లకు నమ్మి చెప్పుకున్న పిల్లలు? గెలిచినోళ్లు ఆ కాగితం చింపేస్తారు. మన ఊళ్లలో జరిగేదదే. అవతలి వర్గం అడిగిన రోడ్డని వేయకుండా వదిలిన దారులు నేను చూపిస్తా.

మేనకోడలు: అయితే ఇట్ల చేద్దాం మామా. జాబితా ఎవరి సొత్తూ కాకుండా చేస్తా. నామినేషన్లు వేసినోళ్లందరం ప్రచారానికి ముందే కలిసి అన్ని క్లాసులకూ పోతాం. కలిసే అడుగుతాం, ఒకే జాబితా రాస్తాం. ప్రతి క్లాసు నుంచి ఒక్క కష్టమైనా దాంట్లో ఉండాల, చెప్పింది ఒక్కరే అయినా సరే. ఏం కావాలనేది ఓటుకు పెట్టం, అది అందరిదీ. ఓటు పెట్టేది ఒక్కదానికే: ఈ పని ఎవరి చేతికి ఇస్తే చేస్తారు అని. ఓడినోళ్లు మోసుకొచ్చిన కష్టం కూడా గెలిచినోళ్ల మెడకు కట్టినట్లే ఉంటుంది.

మేనమామ: నీకు ఎదురు నిలబడేవాళ్లు ఒప్పుకోవాల గదా?

మేనకోడలు: ఒప్పించలేకపోతే కార్యదర్శి పని నాకు చేతకాదని అప్పుడే తెలిసిపోతాది.

మేనమామ: ఈ మాట నచ్చింది. అయినా ఒక అనుమానం మిగిలే ఉంది. నువ్వు చదువు ముగించి ఈ వైపు వస్తావనే నా ఆశ. బేతంచెర్లలో నాపరాళ్లు పాలిష్ చేసేవాళ్ల చేతులు నలుగుతాండాయి. మెడ నిలపలేని పసిబిడ్డలను చంకనేసుకుని తల్లులు కర్నూలు దాకా పోతాండారు. మాకు కావాల్సింది పని తెలిసిన థెరపిస్టు. సభల్లో మాట్లాడే నాయకురాలు కాదు. కౌన్సిల్‌కు పెట్టే గంటలు ఆ పనికి పెట్టు.

మేనకోడలు: పని నేర్చుకుని వస్తాననుకో. నన్ను యాడ పెట్టుకుంటారు? 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో జిల్లాకొక సత్వర చికిత్స కేంద్రం ఉండాలన్నారు, పుట్టుకతో లోపమున్న బిడ్డల కోసం. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. కాగితం మీద దారి ఉంది. ఆ దారిలో ఆక్యుపేషనల్ థెరపిస్టుకు ఒక కుర్చీ వేయమని కలెక్టర్ దగ్గర, ఆరోగ్య శాఖ దగ్గర నిలబడి అడగాల్సింది మేమే. కమలా నింబ్కర్ ముంబైలోని కెఇఎం ఆసుపత్రిలో ఓటీ స్కూలు పెట్టింది 1950లో. 1952లో మన దేశంలో సంఘం పెట్టుకున్నారు. అదే ఏడు పుట్టిన ప్రపంచ సమాఖ్యకు స్థాపక సభ్యుల్లో మన దేశమూ ఉంది. ఇంత ముందుండి కూడా, మా వృత్తికి జాతీయ స్థాయిలో చట్టబద్ధమైన కమిషన్ రావడానికి 2021 చట్టం దాకా ఆగాల్సి వచ్చింది. ఆ స్కూలు పెట్టినాక 71 ఏండ్లు! నైపుణ్యం లేక ఆలస్యమైందంటావా? చేతినిండా నైపుణ్యముండి, అడిగే గొంతులు తక్కువై ఆలస్యమైంది. నాలుగు క్లాసుల తరఫున హెచ్‌ఓడీ ముందు నిలబడి, కోపం లేకుండా, భయం లేకుండా, లెక్కతో మాట్లాడడం నేను ఇప్పుడు నేర్చుకోకపోతే, రేపు ఆ తల్లుల తరఫున కలెక్టర్ ముందు ఏం మాట్లాడతా?

మేనమామ: నా పక్క గది పిల్లోనికి ఆనాడు దొరకాల్సింది ఒక్క మనిషి. ఆ మనిషి మన పక్కకు రావాలంటే ఇట్ల అడిగేవాళ్లు ఉండాలంటావు.

మేనకోడలు: అంతే మామా.

మేనమామ: చిన్న క్లాసుకు ఏకగ్రీవమే మేలనే మాట నేను వదులుకోలేదు. కానీ నువ్వు చెప్పిన పద్ధతిలో దానికి దగ్గరిదే ఏదో ఉంది. అవసరాలు ఏకగ్రీవం, మనిషి మాత్రం ఓటుతో. దీనికి నేను అడ్డు చెప్పను, మూడు మాటలకు ఒప్పుకుంటే. ఒకటి, మన బంధువుల నుంచి, మన కులపోళ్ల నుంచి రూపాయి తీసుకోకు. ఖర్చు లెక్క రెండు వారాల దాకా ఆగకుండా మర్నాడే పెట్టు. రెండు, మార్కులు తగ్గినా బోర్డు మీద పెట్టు, పెరిగినవి మాత్రమే పెట్టొద్దు. మూడు, ఓడితే గెలిచినోళ్ల పక్కన నిలబడి ఆ జాబితా పని చెయ్. ఓడినాక పని చేసేవాడే అసలు పోటీ చేయదగ్గవాడు.

మేనకోడలు: మూడూ ఒప్పుకుంటా. నాదొకటుంది. ఈసారి మన ఊళ్లో సర్పంచి ఏకగ్రీవం మాట వచ్చినప్పుడు నిన్నూ పిలుస్తారు. సంతకం పెట్టే ముందు, ఎస్సీ కాలనీలో ఎవరిని అడిగినారు, ఆడోళ్లను ఎవరిని అడిగినారు, అడవి పక్క చెంచు గూడెంలో ఎవరిని అడిగినారు అని నువ్వు అడగాల. అడగలేదంటే సంతకం పెట్టకూడదు.

మేనమామ: అది నాకు నలుగురిలో కష్టమైన పని.

మేనకోడలు: నాకూ నామినేషన్ వేయడం కష్టమైన పనే మామా.

మేనమామ: న్యాయమే. అడుగుతా. అడగలేదంటే పెట్టను.